అడ్డాకు తలుపు

ఇరవై రెండేళ్ళు ఆ కొండల మీద బండి నడిపాను. నా చేతిలో మనిషికి గీత పడలేదు, మేకపిల్ల కూడా చావలేదు. అలాంటి నా బండికి తలుపు ఊడిపోయింది. ఎప్పుడు? నేను బండిలో లేనప్పుడు. దిగి, ఒకరి అరుగు మీద కూచుని, అంబలి తాగుతున్నప్పుడు. ఎవరికి చెప్పినా నవ్వుతారు. నవ్వండి, నాకేం పోయింది. ఆ వారం రోజులూ నేను పడ్డ పాట్లు మీరు పడి ఉంటే అప్పుడు తెలిసేది.

తొంభైలు ముగిసిపోతున్న రోజులు. అరకు నుంచి పెదబయలు వెళ్ళే దారిలో లోపలికి ఒక చిన్న మిషన్ ఆసుపత్రి ఉండేది. పది పడకలు, ఒక డాక్టరమ్మ, ఒక తెల్ల అంబాసిడర్ కారు. ఆ కారుకి డ్రైవర్ని నేను. విజయనగరం పక్క పల్లె నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవాణ్ణి. ఆసుపత్రి వెనక ఒక గది ఇచ్చారు, అందులో ఒక మంచం, గోడకి ఒక మేకు. నా బట్టలన్నీ ఆ మేకుకే.

ఆ కారుకి హ్యాండ్ బ్రేకు ఉండేది గానీ అలంకారానికే. లాగితే కిర్రుమనేది, బండి తన దారిన తను జారేది. అందుకని ఎత్తులో ఎక్కడ ఆపినా దిగగానే వెనక చక్రం కింద రాయి పెట్టేవాణ్ణి. రాయి ఎంచడం కూడా ఒక పనే. గుండ్రంగా ఉంటే దొర్లిపోతుంది, పలచగా ఉంటే చక్రం ఎక్కి దాటేస్తుంది. ఒక పక్క చదునుగా, ఒక పక్క ఎత్తుగా ఉండాలి. అలాంటి రాయి దొరికితే నాకు ఆ పూటంతా మనసు బాగుండేది.

ఆ రోజు సంత. ఆసుపత్రి వంటకి ఎండుచేపలు కొని వెనక సీట్లో వేశాను. దారిలో ఒక ఊళ్ళో మందులిచ్చి రావాలి. ఊరి ముందు ఎత్తులో బండి ఆపి, మంచి రాయి చూసి పెట్టి, చేపల వాసన పోవాలని వెనక ఎడమ తలుపు బార్లా తెరిచాను. మందులిచ్చాను. అంబలి ఇచ్చారు. లోటా సగం అయిందో లేదో, దడదడమని చప్పుడు. చూద్దును గదా, నా బండి నేను లేకుండా వెనక్కి వెళ్ళిపోతోంది. తెరిచిన తలుపు దారి పక్కనున్న సిల్వర్ ఓక్ చెట్టుకి తగిలి, బందులతో సహా ఊడి, పల్టీలు కొట్టుకుంటూ కింద పారే గెడ్డలోకి పోయింది. బండి ఎడమ పక్కంతా చెట్టుకి రాసుకుని, ముందు తలుపు అద్దం పగిలి, మడ్‌గార్డు నొక్కుకుపోయి, ఒక చోడి చేను, అదే రాగి చేను గట్టుకి ఆనుకుని నిలబడింది. గెడ్డ మంచి పోటు మీద ఉంది. తలుపు మళ్ళీ కనబడలేదు.

రాయి ఏమైంది? ముప్పై అడుగుల దూరంలో ఒక ముసలామె దాన్ని నెత్తిన పెట్టుకుని ఇంటికి పోతోంది. పొయ్యికి రెండు రాళ్ళున్నాయట, మూడోది కుదరక నెల రోజులుగా కుండ ఒరిగిపోతోందట. దారిలో ఇంత లక్షణమైన రాయి కనబడితే వదులుతుందా? నేను వెంటపడి నోటికొచ్చినట్టల్లా తిట్టాను. ఆమె రాయి దించలేదు. నా తిట్లన్నీ అయ్యాక నింపాదిగా అంది:

"బండికి రాయెందుకు బావూ? నాకు పొయ్యికి కావాలి గానీ."

తలుపు లేని బండి దగ్గరికి తిరిగొచ్చాను.  

అసలు కథ ఇక్కడుంది. మా ఆసుపత్రిని నడిపే కమిటీ కొండ కింద విశాఖలో ఉండేది. ఈ ముసలి బండి ఎందుకు, అమ్మేద్దాం అని వాళ్ళు ఏడాదిగా అంటున్నారు. వచ్చే శనివారం ఒకాయన తనిఖీకి వస్తున్నాడని, బండి నిండుగా ఉంటే ఉంచుతారని, ఏ భాగం తక్కువైనా కిందికి తోలుకుపోయి అమ్మేస్తారని ఉత్తరం అప్పటికే వచ్చి ఉంది. బండి పోతే చుట్టుపక్కల ఊళ్ళలో నొప్పులొచ్చిన ఆడమనిషికి డోలీయే గతి. వెదురుకి దుప్పటి కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, ఇద్దరు మోసుకుంటూ కొండ దిగి కొండ ఎక్కాలి. నా ఉద్యోగం పోతే పోనీ అని డాక్టరమ్మ ముందు గొప్పగా అన్నాను గానీ, అది అబద్ధం. నాకు భయం వేసింది. ఆ మేకు తప్ప నాకు లోకంలో వేరే చోటు లేదు.

ముసలామెకి కూడా భయం వేసిందని తర్వాత తెలిసింది. ఆమె మనవరాలికి నెలలు నిండుతున్నాయి.

అరకు వెళ్ళి ఎస్టీడీ బూత్ నుంచి విశాఖలో పాత బండ్ల సామాను అమ్మే ఆయనకి ఫోన్ చేశాను. అంబాసిడర్ తలుపులు కుప్పగా ఉన్నాయన్నాడు. కానీ పాత మోడల్‌కీ కొత్త మోడల్‌కీ అంగుళం తేడా ఉంటుంది, నీ బండిది ఏదో నువ్వు చెబితే నేను నమ్మను, తలుపు ఖాళీకి సరిపోయే అచ్చు తీసుకురా, దాని మీద పెట్టి చూసి ఇస్తాను అన్నాడు. బండే తోలుకుపోదామంటే తలుపు లేని బండిలో ఘాట్ రోడ్డు దిగనివ్వనని డాక్టరమ్మ పట్టుబట్టింది. పైగా కమిటీ వాళ్ళున్న ఊళ్ళోకి తీసుకెళ్ళి చూపించుకోవడమెందుకు?

అంత పెద్ద కాగితం కొండ మీద ఎక్కడిది? పాత పేపర్లు గంజితో అతికించి అచ్చు తయారుచేసి ఎండలో పెట్టాను. గంజి వాసనకి మేకలొచ్చి తినేశాయి. మళ్ళీ చేశాను, మళ్ళీ తిన్నాయి. మూడోసారి చెయ్యడానికి పేపర్లు లేవు. ఆసుపత్రి మెట్ల మీద కూచుని మేకల్ని తిడుతుంటే ముసలామె వచ్చింది. వెంట ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు, ముగ్గురి నెత్తి మీదా అడ్డాకుల మోపులు. సంతలో విస్తళ్ళు కుట్టి అమ్మడం వాళ్ళ పని. ముగ్గురూ కారు వెనక సీట్లోకి ఎక్కి కూచుని, తలుపు లేని ఆ ఖాళీ చుట్టూ వెదురు బద్ద వంచి కట్టి, దానికి ఆకులు పేర్చి, పుల్లలతో కుట్టడం మొదలుపెట్టారు. నేను బయట నిలబడి సలహాలు ఇచ్చాను. వాళ్ళు ఒక్కటీ వినలేదు. పొద్దు వాలేసరికి తలుపంత విస్తరి తయారైంది. చక్రం దగ్గర వంపు కూడా గీత గీసినట్టు వచ్చింది. ఒప్పుకోక తప్పదు, పని అంటే అదీ.

దాన్ని పట్టుకుని మర్నాడు పాసింజరు రైలెక్కాను. ఆ ప్రయాణం పగవాడికి కూడా వద్దు. పెట్టెలో ప్రతివాడికీ ఒకటే సందేహం, ఇంత ఇస్తరి ఎవరి కోసం? ఒకాయన భీముడి కోసమా అన్నాడు. ఒకావిడ ఏదో కొత్త మొక్కు అనుకుని దణ్ణం పెట్టింది. కారు తలుపు అని నిజం చెబితే ఎవడూ నమ్మలేదు, వేళాకోళం చేస్తున్నాననుకుని నామీదే కోపం చేసుకున్నారు. టికెట్లు చూసే ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, సామానా తిండా అని అడిగాడు. నా ఖర్మ అన్నాను. ఆయన వెళ్ళిపోయాడు.

విశాఖలో ఆ కొట్టు వెనక తలుపులు, బానెట్లు, మడ్‌గార్డులు చింతచెట్టంత ఎత్తు పేర్చి ఉన్నాయి. కొట్టాయన నా అచ్చు చూసి నవ్వలేదు. అందుకు ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం. తలుపులు ఒక్కొక్కటే దించి చూపించాడు. ఒకటి టాక్సీది, సగం పసుపు. ఒకటి బాగా మెరుస్తోంది గానీ వేలితో కొడితే టక్కున మోగలేదు, మొద్దుగా పలికింది. లోపల తుప్పుకి లప్పం మెత్తి పైన రంగు వేశారన్న మాట. నేను మాత్రం తక్కువ తిన్నానా, పాత రేడియో స్పీకరులోంచి తీసిన అయస్కాంతం జేబులో వేసుకుపోయాను. ఇనుమున్న చోట అతుక్కుంటుంది, లప్పమున్న చోట రాలిపోతుంది. నాలుగు తలుపుల మీద రాలిపోయింది. ఐదోది తెల్లది, మల్లెపూవులా ఉంది. అడుగు నుంచి అంచు దాకా అయస్కాంతం పట్టుకుంది.

కొట్టాయన అచ్చు చేతిలోకి తీసుకుని ఒకటే ప్రశ్న అడిగాడు: ఇందులో బయటి పక్క ఏది?

అడ్డాకుకి ఒక పక్క నున్నగా నిగనిగలాడుతుంది, రెండో పక్క నూగుగా ఉంటుంది. కారుకి నిగనిగ బయటే ఉంటుంది గదా, ఇందులో అడగడానికేముంది అన్నాను. ఆయన నున్నటి పక్క పైకి వచ్చేలా అచ్చుని తెల్ల తలుపు మీద పరిచాడు. వెంట్రుక తేడా లేదు. తలుపు ఎత్తి చూసినప్పుడు నా చేతికి ఏదో ఎదురు తిరిగినట్టు అనిపించిన మాట నిజం. ఏళ్ళ తరబడి తీసి వేసిన తలుపు పిడి చేతికి తెలియదా? కానీ ఆకు అంత బాగా కుదిరితే చేతి మాట ఎవడు వింటాడు. ముందు తలుపు అద్దం మాత్రం ఆయన దగ్గర దొరకలేదు. పాలిథిన్ కాగితం కట్టుకో, కనబడదు అన్నాడు.

తలుపూ అచ్చూ రెండూ మోసుకుని కొండెక్కాను. అరకు సంతలో బొక్కెనలు బాగుచేసే ఆయన వచ్చి మడ్‌గార్డు నొక్కు సుత్తితో తీశాడు, కాస్త గరుకుగా అయినా మడ్‌గార్డు అనిపించింది. తర్వాత తలుపు ఎత్తి ఖాళీలో పెట్టాం. పిడి ముందుకి వచ్చింది, బందులు వెనక్కి పోయాయి. తలకిందులు చేశాం, కుదర్లేదు. చివరికి లోపలి పక్క బయటికి తిప్పి పెట్టాం. సరిగ్గా సరిపోయింది. అద్దం ఎత్తే పిడి రోడ్డు మీదికి, తలుపు తీసే పిడి సీట్లోకి. తలుపు బొర్ర కడుపు లోపలికొచ్చి కూచునేవాడి మోకాళ్ళ మీద ఆనుతోంది. ఒక్క బందు కలవలేదు. సుత్తి ఆయన గడ్డం గోక్కుని, ఇది కుడి తలుపు అన్నాడు.

ముసలామె అప్పుడు అక్కడే ఉంది, పని చూడ్డానికి వచ్చింది. నేను ఆమె మీద ఎగిరాను. కళ్ళున్నాయా, కుట్టేటప్పుడు నున్న పక్క లోపలికి ఎవరు పెట్టమన్నారు అని అరిచాను. ఆమె ముఖంలో తప్పు చేసిన జాడ లేదు. నాకే బుర్ర తక్కువని జాలిపడినట్టు చూసింది.

"నున్న పక్క మనిషికి గదా బావూ ఉండాలి. ఇస్తరి బోర్లించి తింతారేటి?"

సుత్తి ఆయన గట్టిగా నవ్వాడు. నేను ఆ పూట అన్నం తినలేదు. కోపం ఆమె మీదా, నా మీదా, ఆ ఆకు మీదా అని తేల్చుకోలేకపోయాను. తెల్లారితే శనివారం. కిందికెళ్ళి మార్చి తేవడానికి టైము లేదు. తలుపు లేని బండి చూపిస్తే బండీ పోతుంది, నేనూ పోతాను.

నేను తల పట్టుకుని కూచున్నంతసేపూ ముసలామె ఊరుకోలేదు. ఎండిపోయిన పాత ఆకులు పీకేసి, అదే వెదురు చట్రానికి పచ్చి ఆకులు రెండు వరసలు ఒత్తుగా కుట్టింది. తీగతో బందుల చోట కట్టింది. తలుపులాగే తెరుచుకుంది, తలుపులాగే మూసుకుంది. తెల్లారగట్ల నేను దాని బయటి పక్క సున్నం కొట్టాను. నూగు మీద సున్నం బాగా పట్టింది. ఇరవై అడుగుల నుంచి చూస్తే ఇనుమే అనుకోవాలి. కుడి తలుపుని డిక్కీలో పడేసి పైన గోనె కప్పాను. దేవుడా, ఆ పెద్దమనిషికి చత్వారం ఉండేలా చూడు అని ప్రార్థన కూడా చేశాను.

చత్వారం లేదు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. తెల్ల చొక్కా, జేబులో పెన్సిలు, చేతిలో అట్టకి క్లిప్పు పెట్టిన తనిఖీ కాగితం. అందులో వరసగా భాగాల పేర్లు, ఒక్కోదాని ఎదురుగా ఉన్నది, లేదు అని రెండు గళ్ళు, చివర వివరం రాయడానికి ఖాళీ. బండి చుట్టూ మెల్లగా తిరుగుతూ పెన్సిలు పెట్టుకుంటూ వచ్చాడు. ఎడమ వెనక తలుపు దగ్గర ఆగి చెయ్యి వేశాడు. అరచేతికి సున్నం అంటింది. చెయ్యి చూసుకున్నాడు, తలుపు చూశాడు, నన్ను చూశాడు. నేను ఆకాశం చూశాను. రుమాలుతో చెయ్యి తుడుచుకుని, ఆ గడి ఖాళీగా వదిలి, డిక్కీ తెరవమన్నాడు.

గోనె కింద నిజమైన తలుపు చూశాక ఆయనకి అసలు బాధ మొదలైంది. మెట్ల మీద కూచుని రెండుసార్లు లెక్కపెట్టాడు.

"తలుపు లేకపోతే లేదని రాస్తాను. ఐదు తలుపులుంటే ఏమని రాయనయ్యా?"

అంతా విడమరిచి చెప్పాను. రాయి, పొయ్యి, మేకలు, విస్తరి అన్నీ. చెప్పేకొద్దీ నా మాట నాకే పిచ్చి మాటల్లా వినబడింది. ఆయన ఓపిగ్గా విని, ఈ బండి ఇవాళే నాతో విశాఖ వస్తుంది, నువ్వే తోలాలి అన్నాడు. డాక్టరమ్మ ఎంతో చెప్పింది. ఆయన మర్యాదగా తల ఊపాడు, మాట మార్చలేదు. నేను గదిలోకెళ్ళి మేకు మీది బట్టలు తీసి సంచిలో పెట్టుకున్నాను. తిరిగి రమ్మంటారో లేదో. సిగ్గెందుకు, గది తలుపేసేటప్పుడు ఏడ్చాను.

ఆయన ముందు ఎడమ సీట్లో, పాలిథిన్ కట్టిన తలుపు పక్కన కూచున్నాడు. నాలుగు మలుపులు దిగామో లేదో కొండ మీద నుంచి వాన దిగింది. ఐదో మలుపులో ఎదురుగా డోలీ. మోసేవాళ్ళు ఇద్దరు, దుప్పట్లో మూలుగుతున్న గుంట, పక్కన పరిగెడుతున్న ముసలామె. మనవరాలికి నొప్పులు మొదలయ్యాయి. ముసలామె నన్ను అడగలేదు, ఆయన్ని అసలు చూడలేదు. తీగ విప్పి ఆకు తలుపు మొత్తం ఎత్తి పక్కన పెట్టింది. ఇనప తలుపయితే బార్లా తెరిచినా అడ్డం పడుతుంది. ఆ ఖాళీలోంచి మనవరాలిని దుప్పటితో సహా నేరుగా సీటు మీదికి జరిపారు. ముసలామె ఎక్కి, గుంట తల ఒళ్ళో పెట్టుకుని, లోపలి నుంచే తలుపు లాక్కుని తీగ కట్టేసింది.

"బేగి పోనీ బావూ," అంది.

నేను పక్కకి చూశాను. బండి విశాఖ వైపు తిరిగి ఉంది. తోలుతున్నది నేనే అయినా మాట ఆయనది.

"వెనక్కి తిప్పు," అన్నాడు ఆయన.

రెండో మలుపు ఎక్కేసరికి పాలిథిన్ చిరిగి ఎగిరిపోయింది. వానంతా ఆయన ఒళ్ళోకే. చొక్కా, పెన్సిలు, కళ్ళద్దాలు, కాగితం అట్ట, అన్నీ తడిసి ముద్దయ్యాయి. జరగడానికి చోటు లేదు, దిగడానికి వీలు లేదు. కాసేపయ్యాక వెనక్కి తిరిగి చూశాడు. సున్నమంతా కారిపోయి తలుపు పచ్చగా ఉంది. ఆకు మీద వాన దబదబా మోగుతోంది. ముసలామె వీపు దానికి ఆనించి కూచుంది. లోపలికి చుక్క రాలేదు. పులుసు పోస్తే కారని విస్తరి గదా. ఆయన సీటు మీదుగా చెయ్యి చాపి ఆకు లోపలి పక్క తడిమాడు. నున్నగా, పొడిగా ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుని మళ్ళీ వానలో కూచున్నాడు.

ఆసుపత్రి ముందు ఎత్తులో బండి ఆపాను. బ్రేకు మీది కాలు తీస్తే బండి జారిపోతుంది, గుంట ఇంకా లోపలే ఉంది. రాయి అని అరిచాను. దిగింది ఆయనే. ఆ వానలో వంగి వెతికి, ఒక రాయి తెచ్చి చక్రం కింద పెట్టాడు. మంచి రాయి, ఒక పక్క చదును, ఒక పక్క ఎత్తు. నర్సులు వచ్చి గుంటని లోపలికి తీసుకెళ్ళారు. వెనకే దిగిన ముసలామె ఆగి ఆ రాయి వంక కాస్త ఎక్కువసేపే చూసింది. ఆమె లోపలికి వెళ్ళేదాకా ఆయన రాయి మీద కాలు వేసుకుని నిలబడ్డాడు.

గంటకి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం అని డాక్టరమ్మ బయటికొచ్చి చెప్పింది. ఆయన అప్పటికి వరండాలో తడి కాగితం ఆరబెట్టుకుని, నా దగ్గర వేరే పెన్సిలు అడిగి తీసుకుని, ఏదో రాసి సంతకం పెట్టి నా చేతికిచ్చాడు. డాక్టరమ్మకి ఇవ్వమన్నాడు. బస్సుకి వెళతానన్నాడు. ఐదో తలుపు మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇవ్వబోయే ముందు చదివాను. డ్రైవరు చదవకూడదని ఎక్కడా రాసి లేదు గదా. ముందు ఎడమ తలుపు ఎదురుగా, ఉన్నది గడిలో గీత. పక్కన వివరం: కురుస్తుంది. వెనుక ఎడమ తలుపు ఎదురుగా కూడా ఉన్నది గడిలోనే గీత. పక్కన వివరం: కురవదు. అన్నిటి కింద, బండి ఇక్కడే ఉండవలెను అని ఒక ముక్క.

కాగితం డాక్టరమ్మ చేతికిచ్చి, గదిలోకెళ్ళి, సంచిలోంచి బట్టలు తీసి మళ్ళీ మేకుకి తగిలించాను.